10 మీటర్ల పిస్టల్: మ్యాచ్‌లో చేయి వణికే పిల్లలకు ఊపిరి సాధన

నమస్కారమండీ. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. పాపకు 16 ఏళ్లు, రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆడుతోంది. ప్రాక్టీసులో 600కి 560 వస్తోంది. పోయిన నెల రాష్ట్ర పోటీల్లో 541 దగ్గర ఆగిపోయింది. పదేసి షాట్ల సిరీస్‌లు వరసగా 84, 90, 92, 91, 92, 92. చేతులు చల్లబడ్డాయని, గుండె చప్పుడు చెవుల్లో వినిపించిందని, పిస్టల్ ఎత్తితే ముందు సైట్, అంటే గొట్టం కొసన గురి చూసే మొన, ఒక చోట నిలవలేదని చెప్పింది. ఎవరో చెబితే పోటీ రోజు పొద్దున కపాలభాతి చేయించారు, కాల్చే లైన్ మీదకు వెళ్లేముందు గట్టిగా ఊపిరి పీల్చుకోమని మీరూ చెప్పారు. అయినా ఇలా ఎందుకైంది, అసలు ఏ బ్రీతింగ్ వ్యాయామాలు చేయించాలి అని అడిగారు.

నేను పిస్టల్ ఆడింది తొమ్మిదేళ్లు, పిల్లలకు నేర్పుతున్నది 18 ఏళ్లు. మీరు సిరీస్‌ల వారీగా స్కోరు రాయడం చాలా మంచిదయింది. చూడండి, ప్రాక్టీసు కన్నా 19 పాయింట్లు తగ్గాయి. అందులో దాదాపు తొమ్మిది మొదటి పది షాట్లలోనే పోయాయి. తర్వాత ఎవరూ ఏమీ చెప్పకుండానే పాప కుదుటపడింది. అంటే ఆమెకు పిస్టల్ వచ్చు, కుదుటపడటమూ వచ్చు. కాకపోతే ఆ కుదురు పది షాట్లు ఆలస్యంగా వచ్చింది. దాన్ని మొదటి షాట్ కన్నా ముందుకు జరపడమే మన పని. ఆ పనికి ఊపిరి బాగా ఉపయోగపడుతుంది, అయితే రోజూ షాట్‌తో కలిపి నేర్పితేనే.

ముందు కపాలభాతి సంగతి. అది మంచి క్రియే. తెల్లవారుజామున బద్ధకం వదలడానికి నేనూ చేస్తాను. కానీ పొట్టను లోపలికి కొడుతూ వేగంగా గాలి బయటకు నెట్టే ఏ క్రియ అయినా ఒంటిని లేపుతుంది, జోరు పుట్టిస్తుంది. పోటీ రోజు పొద్దున మీ పాప ఒళ్లు అప్పటికే లేచి ఉంది. దాన్ని ఇంకా లేపినట్టయింది. భస్త్రిక కూడా అంతే. ఈ రెండూ పోటీ లేని రోజులకు ఉంచండి.

ఇక "గట్టిగా ఊపిరి పీల్చుకో" అనే మాట. మనందరం ప్రేమతోనే అంటాం. పిల్ల ఏం చేస్తుందో ఒకసారి గమనించండి. నోటితో గాలి లాగుతుంది, ఛాతీ పైకి వస్తుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ నరాలు బిగుస్తాయి. పిస్టల్ పట్టుకునే చేయి వేలాడేది ఆ భుజానికే కదా! పైగా అలా వెంట వెంటనే పదిసార్లు లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడతాయి. తల తేలిపోయినట్టు ఉంటుంది, వేళ్ల కొసలకు, పెదవుల చుట్టూ తిమ్మిరి వస్తుంది. నాకే జరిగింది. ఆడే రోజుల్లో ఒక పోటీలో, స్టార్ట్ అనేలోగా ఎంత గాలి లోపలికి వేసుకుంటే అంత మంచిదనుకున్నాను. మొదటి షాట్‌కు ట్రిగ్గర్ మీద వేలు ఉందో లేదో తెలియలేదు. పెల్లెట్, అంటే ఆ చిన్న గుండు, ఎప్పుడు వెళ్లిందో కూడా తెలియదు, స్కోరు మాత్రం ఆరు. ఆ రోజు భయపడ్డాను, చాలా రోజులు నాకేదో జబ్బు ఉందనుకున్నాను. కారణం ఊపిరేనని తెలిశాక కలిగిన ఉపశమనం ఇప్పటికీ గుర్తే. పాప చేతులు చల్లబడటానికి ఆందోళన ఒక కారణం, ఈ అతి ఊపిరి కూడా తోడై ఉండొచ్చు.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీరిద్దరూ ఒక పని చేయండి. పక్కపక్కన కూర్చుని మణికట్టు దగ్గర నాడి మీద రెండు వేళ్లు ఆనించండి. ముక్కుతో మెల్లగా పీల్చండి, ఇంకా మెల్లగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. పిల్లల్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. వేగస్ అనే నరం గుండెకు కళ్లెం లాంటిది. ఊపిరి వదిలేటప్పుడు ఆ కళ్లెం బిగుస్తుంది, పీల్చేటప్పుడు సడలుతుంది. పాప తన వేళ్లతో తానే ఇది పట్టుకుంటే, "కంగారు పడకు" అని మీరు వందసార్లు చెప్పినా కలగని నమ్మకం కలుగుతుంది. గుండెను ఆజ్ఞాపించలేం కానీ, వదిలే ఊపిరిని పొడిగించడం మన చేతిలోనే ఉంది. నేను నేర్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి వారం పిస్టల్ ముట్టుకోకుండా చేసేది ఇది. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, బొడ్డు మీద ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ముక్కుతో పీలిస్తే పుస్తకం లేవాలి, వదిలితే దిగాలి, ఛాతీ మాత్రం దాదాపు కదలకూడదు. మొదట్లో రాదు. ముఖ్యంగా ఆడపిల్లలు పొట్ట లోపలికి బిగించి నిలబడటం అలవాటై ఉంటారు, వాళ్లకు ఇంకొన్ని రోజులు పడుతుంది, తొందరపెట్టకండి. పడుకుని వచ్చాక కూర్చుని, ఆ తర్వాత షూటింగ్ భంగిమలో నిలబడి చేయాలి. నిలబడినప్పుడు తన అరచేతులు తన డొక్కల మీద పెట్టుకోమనండి. గాలి వెళ్తే డొక్కలు పక్కలకు విచ్చుకోవాలి.

అది కుదిరాక లెక్క పెట్టండి. నాలుగు అంకెలు పీల్చడం, ఆరు అంకెలు వదలడం, మధ్యలో బిగబట్టడం లేదు. అంకెకు ఒక సెకను చొప్పున ఒక ఊపిరికి పది సెకన్లు, నిమిషానికి ఆరు ఊపిరులు. నిమిషానికి ఆరుకు అటూ ఇటూగా ఊపిరి తీసినప్పుడు గుండె వేగంలో ఆ ఎగుడుదిగుడు బాగా పెరుగుతుంది, ఒళ్లు నెమ్మదిస్తుంది. రోజూ పది నిమిషాలు, పడుకునే ముందు. గాలి చాలనట్టు అనిపిస్తే మూడు, అయిదుకు తగ్గించండి. ఆరు అంకెల దాకా వదలలేక ఆయాసపడుతూ చేసే సాధన వల్ల లాభం లేదు. అంకెలంటే విసుగు పడే పిల్లలకు నేను భ్రామరి చెబుతాను. తుమ్మెదలా ఝుమ్మని శబ్దం చేస్తూ వదిలితే, ఊపిరి దానంతట అదే పొడవవుతుంది, లెక్క అక్కర్లేదు. ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన కూడా ఇంట్లో చేసుకోవచ్చు.

నాలుగు పీల్చి, నాలుగు బిగబట్టి, నాలుగు వదిలి, మళ్లీ నాలుగు బిగబట్టే పద్ధతి ఒకటి బాగా ప్రచారంలో ఉంది, బాక్స్ బ్రీతింగ్ అంటారు. చెడ్డదేమీ కాదు. కానీ కొత్తగా పిస్టల్ పట్టిన పిల్లలకు నేను నేర్పను. బిగబట్టమనగానే గొంతు మూసేసుకుంటారు. అదే గొంతు బిగింపు తర్వాత షాట్‌లోకి వస్తుంది, దాన్ని వదిలించడానికి నాకు నెలలు పట్టిన సందర్భాలున్నాయి.

ఇక అసలు విషయం, షాట్ లోపలి ఊపిరి. ఇది మీ కోచ్‌తో కూర్చుని చూడండి. నా పద్ధతికీ వారి పద్ధతికీ చిన్న తేడాలుంటే వారిదే పాటించండి, రెండు పద్ధతులు కలిపితే పాప తికమకపడుతుంది.

ఎయిర్ పిస్టల్‌లో ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం సుమారు 34 సెంటీమీటర్లు, టార్గెట్ 10 మీటర్లు. వెనక సైట్ గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పెల్లెట్ దాదాపు 3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పది పాయింట్లిచ్చే నడి రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, దాని చుట్టూ ఒక్కో రింగు 8 మిల్లీమీటర్లు. అంటే ఆ ఒక్క మిల్లీమీటరే మూడు, నాలుగు పాయింట్లు తీసుకుపోతుంది. ఛాతీ కదిలితే భుజం కదులుతుంది, భుజం కదిలితే ఆ గాడి చెదురుతుంది. అందుకే షాట్ వెళ్లే కొన్ని సెకన్లు ఊపిరి ఆగాలి. ఎక్కడ ఆగాలన్నదే కిటుకు. నిండా పీల్చి ఆపితే ఛాతీ బిగిసి ఉంటుంది, గుండె చప్పుడు చేతిదాకా వస్తుంది. పూర్తిగా వదిలేసి ఆపితే రెండు సెకన్లకే ఒళ్లు గాలి కోసం తొందరపెడుతుంది. మామూలుగా మాట్లాడుతూ ఒక వాక్యం ముగించాక, తర్వాతి ఊపిరి తీసే ముందు చిన్న విరామం ఉంటుంది చూశారా, సరిగ్గా అక్కడ ఆగాలి. దాన్ని మనం తయారు చేయక్కర్లేదు, ప్రతి ఊపిరి చివరా ఉన్నదే, కాస్త పొడిగిస్తే చాలు.

నా దగ్గరున్న పిల్లలు చేసేది ఇలా ఉంటుంది. పిస్టల్ బల్ల మీద ఆనించి, చూపు కూడా బల్ల మీదే ఉంచి, ఒక పొడవాటి ఊపిరి వదులుతారు. భుజాలు దిగుతాయి. చేయి ఎత్తుతుండగా ముక్కుతో మామూలు ఊపిరి, టార్గెట్ కన్నా పైకి వెళ్లేదాకా. అక్కడి నుంచి మెల్లగా దించుతూ గాలి వదులుతూ వస్తారు. నల్ల వలయం కింద తాము గురిపెట్టే చోటికి చేయి చేరేసరికి ఊపిరి కూడా ఆ విరామానికి చేరుతుంది. గొంతు తెరిచే ఉంటుంది. కళ్లు ముందు సైట్ మీద, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి మెల్లగా పెరుగుతూ. ఊపిరి ఆగిన దగ్గర్నుంచి ఆరు నుంచి ఎనిమిది సెకన్లలో షాట్ వెళ్లాలి. వెళ్లకపోతే దించేయాలి. ఎనిమిది దాటితే చూపు అలసిపోయి సైట్ అంచులు అలుక్కుపోతాయి, వణుకు పెరుగుతుంది, "ఇప్పుడే నొక్కేయ్" అని మనసు తొందరపెడుతుంది. ఎనిమిదులు, ఏడులు వచ్చేది అక్కడే. షాట్ వెళ్లాక కూడా ఒక సెకను, రెండు సెకన్లు చేయి అలాగే ఉండి, ఆ తర్వాతే కొత్త ఊపిరి.

ఆ మొదటి సిరీస్‌లో పాప ఎన్నిసార్లు పిస్టల్ దించి మళ్లీ ఎత్తిందో అడగండి. నా అంచనా, ఒక్కసారి కూడా దించలేదు. టెన్షన్‌లో ఉన్న పిల్లలు దించరు. దించితే అందరూ చూస్తారని, టైమ్ పోతుందని భయం. టైమ్ లెక్క ఆమెతోనే వేయించండి. 60 షాట్లకు 75 నిమిషాలు, అంటే షాట్‌కు 75 సెకన్లు. షాట్‌కు అర నిమిషం పోయినా ఇంకా నలభై అయిదు సెకన్లు చేతిలో ఉంటాయి. అందులో పది సెకన్ల ఊపిరులు నాలుగు పడతాయి. నా దగ్గర నేర్చుకునే అమ్మాయి ఒకరు దించడమంటే ఓడిపోవడమనుకునేది. ఆమెకు నెల రోజులు ఒక నియమం పెట్టాను. పది షాట్లలో కనీసం రెండుసార్లు, గురి బాగానే ఉన్నా సరే, దించి తీరాలి. మొదటి రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి. నెలాఖరుకు ఎత్తడం ఎంత మామూలో దించడమూ అంతే మామూలైంది.

సిరీస్‌కూ సిరీస్‌కూ మధ్య, లేదా ఒక ఏడు పడ్డాక చేసేది ఇంకొకటి ఉంది. ముక్కుతో ఒక గుక్క పీల్చి, దాని మీదే ఇంకో చిన్న గుక్క పీల్చి, నోటితో పొడవుగా వదలడం. చంటిపిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకునే ముందు తీసే వెక్కిళ్ల ఊపిరి ఇలాగే ఉంటుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ రకం ఊపిరిని రోజుకు అయిదు నిమిషాల చొప్పున నెల రోజులు చేయించి చూశారు. ఊరికే కూర్చుని ధ్యానం చేసినవాళ్ల కన్నా వీళ్లలో మనసు తేలికపడటం ఎక్కువగా కనిపించింది. లైన్ మీద అయిదు నిమిషాలు అక్కర్లేదు, రెండు, మూడు చాలు. ఎక్కువ చేస్తే మళ్లీ తల తేలిపోతుంది.

ఏకాగ్రత గురించి కూడా అడిగారు. నా అనుభవంలో దాన్ని విడిగా నేర్పనక్కర్లేదు. మనసు ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదు. ఏదీ ఇవ్వకపోతే పక్క లేన్‌లో ఎవరికెంత వచ్చిందో చూస్తుంది, లేదా ఇంటికెళ్లాక నాన్న ఏమంటారో ఆలోచిస్తుంది. ఊపిరి అంకెలు ఇస్తే వాటిని పట్టుకుంటుంది. అంకె తప్పితే తిట్టుకోకుండా మళ్లీ ఒకటి నుంచి. తప్పడం, తిరిగి రావడం, ఈ రాకపోకలే సాధన. మను భాకర్‌కు టోక్యో ఒలింపిక్స్‌లో క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి. మూడేళ్ల తర్వాత 2024 పారిస్‌లో అదే 10 మీటర్ల పిస్టల్ ఫైనల్లో 221.7 పాయింట్లతో కాంస్యం గెలిచింది, రెండో స్థానం 0.1 తేడాతో తప్పింది. పాపకు ఈ రెండూ కలిపి చెప్పండి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్లకే 2018లో సీనియర్ జాతీయ టైటిల్ గెలిచిందని కూడా చెప్పొచ్చు. కానీ పోలిక పెట్టే గొంతుతో వద్దు.

ఇంట్లో చేసిన సాధన లైన్ మీద అక్కరకు రావాలంటే, గుండె దడలో కూడా చేసి ఉండాలి. వారానికి రెండు రోజులు ప్రాక్టీసు చివర్లో ముప్పై సెకన్లు స్కిప్పింగ్ చేయించి, పిస్టల్ దగ్గరకు నడిచి వచ్చి, మూడు పొడవాటి ఊపిరులు వదిలి ఒక షాట్ వేయమనండి. మొదట్లో ఏడో, ఎనిమిదో వస్తుంది. గుండె కొట్టుకుంటూ ఉండగానే తొమ్మిది వేయగలనని ఆమె ఒంటికి తెలియాలి. మంచి షూటర్లకూ పోటీలో గుండె వేగంగానే కొట్టుకుంటుంది. అది ఆగిపోవాలని ఎదురుచూసే పిల్ల మొదటి షాట్ వేయలేక నిలబడిపోతుంది.

పోటీ రోజు కొత్తగా ఏదీ వద్దు. బయలుదేరే ముందు అయిదు నిమిషాలు నాలుగు, ఆరు లెక్క. లైన్ మీద సైటింగ్‌కు, అంటే లెక్కలోకి రాని ముందస్తు షాట్లకు, ఇచ్చే 15 నిమిషాల్లో పెల్లెట్లన్నీ గబగబా కాల్చేయకుండా, మొదటి రెండు నిమిషాలు పిస్టల్ ఎత్తి, గురి చూసి, కాల్చకుండా ఊపిరితో పాటు దించడమే చేయమనండి. సైటింగ్‌లో చివరి షాట్ మంచిగా పడగానే పిస్టల్ పెట్టేసి కుర్చీలో కూర్చోవాలి, కళ్లు నేల మీద, ఊపిరులు పది. స్టార్ట్ అన్నాక కూడా తొందర లేదు.

ఒక హెచ్చరిక. గుండె దడ తగ్గడానికని ఎవరైనా టాబ్లెట్ ఇస్తామంటే ఒప్పుకోకండి. బీటా బ్లాకర్ మందులు షూటింగ్‌లో పోటీలప్పుడే కాదు, మిగతా రోజుల్లోనూ నిషేధం. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్-సు ప్రొప్రనలాల్ అనే అలాంటి మందు వాడినట్టు తేలి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. పాపకు వేరే కారణంతో డాక్టరు ఏ మందు రాసినా, ఆడే పిల్ల అని ముందే చెప్పండి. ఉబ్బసం ఉంటే, కూర్చుని ఉన్నప్పుడు కూడా దడ, కళ్లు తిరగడం వస్తుంటే, ఈ వ్యాయామాల కన్నా ముందు డాక్టరును కలవండి. ఊపిరి బిగబట్టే పోటీలు నీళ్లలో మాత్రం ఎప్పుడూ వద్దు, స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

మీకు ఒక మాట, చనువు తీసుకుని. లైన్ వెనకాల నిలబడి ప్రతి షాట్ స్కోరు చూసే తండ్రిని పిల్ల వీపుతో చూస్తుంది. వచ్చే పోటీకి ఆఖరి సిరీస్ దాకా బయట టీ తాగి రండి. ఇంటికొచ్చాక స్కోరు అడిగే ముందు ఎన్నిసార్లు దించావమ్మా అని అడగండి.

ఒక చిన్న నోటు పుస్తకం కొనివ్వండి. రోజూ రేంజ్‌లో వేసే మొట్టమొదటి పెల్లెట్ మాత్రమే అందులో ఎక్కాలి. సైటింగ్ లేదు, రెండో అవకాశం లేదు, పోటీలో మొదటి షాట్‌లాగే. పక్కన రెండు గళ్లు. స్కోరు ఒకటి, వేసే ముందు పొడవాటి ఊపిరి వదిలానా లేదా అన్నది ఒకటి. నాలుగు వారాల తర్వాత ఆ పేజీలు, వాటితో పాటు అప్పటి మొదటి సిరీస్ స్కోర్లు ఇక్కడ రాయండి. షాట్ ఎక్కడ ఆలస్యమవుతోందో, ఊపిరి ఎక్కడ తెగుతోందో అప్పుడు కలిసి చూద్దాం.